సున్నా నంబరు కోర్

హియూమా దీవిలో జనవరి.
మూతపడ్డ పాల ఫ్యాక్టరీ రెండో అంతస్తులో
ఒకప్పుడు చీజ్ ఆరబెట్టిన బల్ల మీద
ఇప్పుడు మా రౌటర్ కూర్చుంది.
రౌటర్ అని పేరే గానీ
ఏదో బ్యాంకు పారేస్తుంటే హెల్దుర్ ఎత్తుకొచ్చిన పాత సర్వరు.
రెండు నెట్‌వర్క్ కార్డులు, లోపల లినక్స్,
కప్పు కారితే పట్టడానికి పక్కనో బకెట్.

రాత్రి ఎనిమిదిన్నర కొట్టేసరికి
దీవి గొంతు పట్టేస్తుంది.
ఎనిమిదిన్నరకే బృందగానం సాధన.
నవంబరు మంచుకి హాలు కప్పు కుంగింది,
పదహారు మంది పదహారు వంటిళ్లలోంచి పాడతారు.
పాట నిండా చిల్లులు.
చిల్లుకో ఫోను నాకు.

"కొత్తది కొందాం," అన్నాడు వైదో సంఘం మీటింగులో,
"నాలుగు వేల యూరోలు."
హెల్దుర్ టోపీ తీసి మోకాలికి తగిలించుకున్నాడు.
"గోటితో పోతుందేమో చూడండి ముందు.
గొడ్డళ్ల కొట్టు ఎక్కడికీ పోదు."

గోరు నాది.
ఆ రాత్రి ఒక్కదాన్నే కూర్చుని
అంతరాయాల పట్టిక తెరిచాను.
ఎనిమిది కోర్లు, ఎనిమిది నిలువు వరసలు.
సున్నా నంబరు కింద అంకెలు
కళ్లకి అందకుండా పరిగెడుతున్నాయి.
మిగతా ఏడింటి కింద
సున్నా
సున్నా
సున్నా.

వచ్చిన ప్రతి ప్యాకెట్టూ వాడి తలుపే కొడుతోంది.
చేతిలోది కింద పెట్టు, లే, అందుకో, చిరునామా చూడు, పంపు,
కూర్చోబోయేలోగా మళ్లీ తలుపు.
కార్డు గుమ్మంలో రెండువందల యాభై ఆరు గళ్ల అర.
అది నిండాక వచ్చినవి నేలపాలు.
గంట మోగదు, ఎవరూ అరవరు,
ఎక్కడో ఒక లెక్క ఒకటి పెరుగుతుంది.
మూడేళ్లుగా ఆ లెక్కని మాలో ఎవరూ చదవలేదు.

హిల్యా చెప్పేది, ఈ గదిలోనే,
పాల డబ్బాలు దింపేచోట ఎనిమిది మంది ఉండేవారట,
దింపేది మాత్రం తనొక్కతే.
ఎందుకంటే గోడ మీది కాగితంలో అలా రాసుంది.

డ్రైవరు మరీ పాతది.
ఈ కార్డుకి ఎనిమిది వరసలున్న సంగతే దానికి తెలీదు.
కొత్తది ఎక్కించాను.
అరని నాలుగువేల తొంభై ఆరు గళ్లకి పెంచాను.
వరసకొక కోర్‌ని కాపలా పెట్టాను.
పంపకం నేను చూసుకుంటానంటూ
పెట్టినవన్నీ కెలికే సేవని ఆపేశాను.
ఒక్కో ప్యాకెట్టుకీ తలుపు బాదకు,
కొన్ని మైక్రోసెకన్లు ఆగి గుంపుగా పిలువమని కార్డుకి చెప్పాను.
ఇంకోటుంది. చిన్న ప్యాకెట్లని కలిపి ముద్దచేసే ఏర్పాటు.
ఉత్తరం చేరిన ఇంట్లో అది సుఖమే,
దారిలో మోసేవాళ్లకి
పరాయి ఉత్తరాలు కలిపి కుట్టే హక్కు లేదు.
దాన్నీ ఆపేశాను.

రెండున్నరకి ఒక్క అంకె తప్పు కొట్టి
దీవి మొత్తాన్ని నలభై సెకన్లు ముంచాను.
బేకరీ అబ్బాయి తప్ప ఎవరూ గమనించలేదు.
వాడికి రొట్టె ఇస్తానన్నాను. నవ్వాడు, వాడి దగ్గర లేనిదా అది.

మర్నాడు ఎనిమిదిన్నర.
ఎనిమిది వరసలూ కదిలాయి,
ఎవరి పరుగు వాళ్లది, ఎవరికీ ఆయాసం లేదు.
పడిపోయినవాటి లెక్క సుద్దముక్కతో బల్ల మీద రాసుకున్నాను.
పది నిమిషాలైనా అదే అంకె.
పాట వచ్చింది, చిల్లు లేకుండా.
బాస్ కింద ఎవరి కెటిలో ఉడుకుతున్న చప్పుడుతో సహా.

అప్పుడు వినబడింది.
రెండో చరణంలో హిల్యా,
అందరూ దిగాక అర తాళం ఆగి
తీరిగ్గా దిగింది.
మూడో చరణంలోనూ అంతే.

మేలికే పాట ఆపించింది.
"ఇంకా బాగవలేదా మీ పెట్టె?"

బల్ల వైపు చూశాను. సుద్ద అంకె కదల్లేదు.
పదహారు వంటిళ్లు నా జవాబు కోసం నిశ్శబ్దంగా ఉన్నాయి,
అందులో ఒకటి మరీ నిశ్శబ్దంగా.

"ఇంకొక్క సెట్టింగ్ మిగిలింది," అన్నాను,
"కాస్త టైం పడుతుంది."

పొద్దున ఫ్యాక్టరీ గుమ్మంలో
పాత పేపర్లో చుట్టిన పొగబెట్టిన చేప.
చీటీ లేదు.
ఇంకా వెచ్చగానే ఉంది.